తలుపు ఓరగా వెయ్యి

బంగారుపాళెం దాటినాక
మామిడిగుజ్జు ఫ్యాక్టరీ వాసన కిటికీల్లోంచి వచ్చే మా బడిలో
పద్నాలుగేళ్లుగా నేను వాడింది నలభై మాటలు.
ఒక ఆదివారం కూర్చుని లెక్కబెట్టినాను.
కూర్చో. లెయ్. రాయి. తుడువు.
తలుపు వెయ్యి. గమ్మునుండు.
కాడెద్దులతో మాట్లాడేవాడికైనా
ఇంతకంటే నాలుగు ఎక్కువుంటాయి.

పదజాలం పెంచాలని పైనుంచి కాగితం వచ్చింది.
వారానికి పది కొత్త మాటలు, గోడమీద చార్టు.
రాసి తగిలించినాను.
దాని వెనక బల్లి కాపురం పెట్టింది.
పిలకాయలు పదింటినీ గడగడా అప్పజెప్పి
ఇంటికి పొయ్యేదారిలో కాలవలో కడిగేసుకున్నారు.

జూన్ చివర్లో ఒక సోమవారం చార్టు పీకేసి
నా నలభై మాటల్నే
పాత రవికె మాదిరి కుట్లు విప్పడం మొదలుపెట్టినా.

"వరసలో నిలబడండి" అనలేదు.
"బారులు తీరండి" అన్నాను.
ఎవరూ కదల్లేదు.
ఢిల్లీబాబు ఒక్కడే వెనక్కి తిరిగి
"ఫ్యాక్టరీ ముందర తోతాపురి లారీల మాదిరా మేడం?"
అదేరా. అచ్చం అదే.
ఇరవైరెండు మందీ లారీలయిపోయినారు,
హారన్లు కూడా కొట్టినారు.
హెడ్మాస్టరు తొంగి చూసి పోయినాడు.

బోర్డు తుడవమనలేదు.
ఆ కొమ్ము ఒక్కటే చెరుపు, మిగతాది ఉండనీ.
గుడ్డ విదిలించు. దులపడం కాదమ్మా, విదిలించడం.
నోటికంటే ముందు
చేతులకు తేడా తెలిసింది.

గోల చెయ్యొద్దని అరవడం మానుకున్నా.
ఇది గోల కాదు, గుసగుస.
అది గొణుగుడు, నామీద కోపమున్నట్టుంది, పేరు చెప్పను.
రేకుమీద వాన పడితే రొద.
వంటగది పక్క కుక్క నడిస్తే అలికిడి.
"మీరు కోప్పడేదానికి ముందర
ఒకటి ఉంటాది గదా మేడం, సద్దులేకుండా,
దాన్నేమంటారు?" షబ్రీన్ అడిగింది.
దొరకలేదు నాకు.
ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నా.

అట్లా ఒకరోజు తలుపు దగ్గరికి వచ్చినాం.
బార్లా తియ్యి. దగ్గరికి లాగు. గొళ్లెం తగిలించు.
ఓరగా వెయ్యి.
ఒక్కొక్కరే లేచిపోయి చేసి చూపిస్తా ఉంటే
కీళ్లు కిర్రుమంటున్నాయి.
ఓరగా అంటే ఎంత అని తగువు,
పిల్లి పట్టేంతా, పిల్లిపిల్ల పట్టేంతా.

చిన్నంకయ్య వంతు.
రెండేళ్లలో నాతో ఆరు మాటలు మాట్లాడినోడు.
తలుపు ముందర నిలబడి చేతులు కట్టుకున్నాడు.
"వెయ్యి నాయనా, ఓరగా."
"మా ఇంటికి తలుపు లేదు మేడం."

నాకు ఎటు చూడాలో తెలియలేదు.
వాడు మాత్రం నన్నే చూస్తున్నాడు.
"తడిక ఉండాది."
సరే, తడికే మూసి చూపించు అన్నాను,
తొందరతొందరగా, నా తత్తరపాటు కప్పిపుచ్చుకోను.

"తడికను మూయరు మేడం,"
తప్పు దిద్దే గొంతు, అది నా దగ్గర నేర్చిందే,
"ఆనిస్తారు.
గాలి తోలితే మూలకు రాయి అణిచిపెడతారు.
ఈతమట్ట సడలితే బిగదీస్తారు.
కుక్క దూరే సందును కంత అంటారు."

సుద్దముక్క వాడి చేతికిచ్చినా.
ఆనించు అని రాసినాడు, న బదులు ణ పెట్టి.
ఆ పూటకి దిద్దలేదు.
మర్నాడు దిద్దినా. టీచర్నే గదా నేను.

ఇప్పుడు మూడు గంటల ఎండ
వాకిట్లోంచి పుస్తకాలమీద పడితే
ఎవరో ఒకరు లేస్తారు,
"తలుపు ఆనించేదా మేడం?"
తలుపును ఆనించరని ఒకరు.
గడి ఊడిపోయినాక అదీ తడికే గదా అని ఇంకొకరు.
చిన్నంకయ్య లేచి కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి
చూపిస్తానంటాడు, ఏది ఆనడమో, ఏది ఒరగడమో.
ఎండ బెత్తెడు జరుగుతుంది.
నేను గమ్మునుంటాను.